ఇంట్లోనూ బయటా ఒకటే అడ్రస్: మా తెనాలి హోమ్ సర్వర్‌తో నేను పడ్డ తిప్పలు

గుంటూరులో పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశానికి వెళ్లిన అమ్మ, సరిగ్గా భోజనాల టైమ్‌లో నాకు ఫోన్ చేసింది. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య కూతురు మొదటిసారి నడిచిన వీడియో అందరికీ చూపిద్దామని ఫోన్ తీసిందట. "ఏమే, ఇది తిరుగుతానే ఉంది. పొద్దున ఇంట్లో బానే వచ్చిందిగా" అంది. చుట్టూ నలుగురు చేరి తొంగి చూస్తున్నారని ఆ గొంతులోనే తెలిసిపోతోంది. నేనేమో హైదరాబాద్‌లో, ఆఫీస్ మీటింగ్ మధ్యలో. ఐదు నిమిషాలు ఆగమంటే, "గూగుల్‌లోనే ఉంచుకుంటే ఈ గోల ఉండేది కాదు" అని పెట్టేసింది.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఎందుకంటే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒప్పించి, పదేళ్ల ఫొటోలన్నీ గూగుల్ ఫొటోస్ నుంచి ఇంటి సర్వర్‌లోకి మార్పించింది నేనే. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫ్రీ అన్‌లిమిటెడ్ బ్యాకప్ ఆపేసి అన్నిటినీ 15 జీబీ లెక్కలో వేయడం మొదలుపెట్టింది కదా, మా ఇంట్లో నలుగురికీ ఒకరి తర్వాత ఒకరికి స్టోరేజ్ ఫుల్ మెసేజ్‌లు రావడం అప్పటి నుంచే. బీటెక్‌లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి హింజ్ విరిగి మూలన పడుంది. 8వ జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్. దాన్ని తెనాలిలో రౌటర్ పక్కన పెట్టి, డెబియన్ ఎక్కించి, డాకర్‌లో ఫొటోలకి ఇమ్మిచ్, సినిమాలకి జెల్లీఫిన్ పెట్టేశా. ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 10 వాట్లు తాగుతుంది, అంటే నెలకి ఏడు యూనిట్ల చిల్లర. సర్వర్ పెట్టడం ఒక ఆదివారం పని. అసలు కష్టమంతా దాన్ని చేరుకోవడంలో ఉంది.

సెల్ఫ్ హోస్టింగ్ మీద వచ్చే వీడియోల్లో చాలావరకు డాకర్ కంపోజ్ ఫైల్ రన్ అవ్వగానే "అంతే ఫ్రెండ్స్" అని అయిపోతాయి. నా అనుభవంలో కథ అక్కడే మొదలవుతుంది. ఫోన్ పట్టుకున్న మనిషి తను ఎక్కడుందో ఆలోచించాల్సిన అవసరం ఉండకూడదు. హాల్లో కూర్చున్నా, గుంటూరు బస్సులో ఉన్నా, అదే యాప్, అదే అడ్రస్, అదే ఐకాన్. ఇది కుదరకపోతే ఆ సర్వర్ మీకు హాబీగా మిగిలిపోతుంది, ఇంట్లోవాళ్లకి పనికిరాదు.

అమ్మ ఫోన్‌లో ఎందుకు తిరిగింది?

అమ్మ యాప్‌లో నేను పెట్టిన అడ్రస్ 192.168.1.50, పోర్ట్ 2283. ఇది ఫ్లాట్ నంబర్ లాంటిది. అపార్ట్‌మెంట్ లోపల "302" అంటే వాచ్‌మన్ వేలు చూపిస్తాడు. ఊళ్లో ఆటో అతనికి 302 అని చెబితే ఏ 302 అంటాడు. 192.168 తో మొదలయ్యేవన్నీ ఇంటి లోపలి నంబర్లే. గుంటూరులో పెద్దమ్మ వాళ్ల వైఫైలో కూడా 192.168.1.50 ఉండొచ్చు, అది వాళ్ల టీవీ అయ్యుండొచ్చు.

సరే, బయటి నుంచి రావాలంటే ఇంటికి పబ్లిక్ ఐపీ ఉండాలి, రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టాలి. కాలేజీలో చదివింది ఇంతే. పెట్టా. రాలేదు. రెండు గంటలు ఫైర్‌వాల్ రూల్స్ తిట్టుకున్నాక, రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ చూస్తే 100.72 తో మొదలైంది. బ్రౌజర్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" కొడితే వేరే నంబర్ వచ్చింది. ఈ రెండూ వేరుగా ఉన్నాయంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. ఐపీవీ4 అడ్రస్‌లు చాలక, ప్రొవైడర్లు ఎన్నో ఇళ్లని ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెడతారు. దీనికోసమే 100.64 నుంచి 100.127 వరకు ఒక రేంజ్‌ని 2012లో పక్కన పెట్టారు. మన రౌటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా లాభం లేదు, ఎందుకంటే అసలు గేటు మన ఇంటిది కాదు. ఏదైనా మొదలుపెట్టే ముందు ఈ ఒక్క చెక్ చేసుకోండి, నాలాగా శనివారం పోగొట్టుకోకండి.

ప్రొవైడర్‌కి ఫోన్ చేసి, నెలకి రెండు బిర్యానీల ఖర్చు అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నా. సొంత డొమైన్ కొని, ఫొటోలకి ఒక సబ్‌డొమైన్ పెట్టి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్‌తో ఇమ్మిచ్‌ని దాని మీద పెట్టా. హైదరాబాద్ నుంచి ఓపెన్ చేస్తే బుల్లెట్‌లా వచ్చింది. అన్నయ్య డల్లాస్ నుంచి వీడియో అప్‌లోడ్ చేశాడు. ఇక అమ్మ యాప్‌లో కూడా కొత్త అడ్రస్ పెట్టించా.

సాయంత్రం అమ్మ ఫోన్. "ఇప్పుడు ఇంట్లోనే రావట్లేదే. ఏదో పాస్‌వర్డ్ అడుగుతోంది."

ఇంట్లో కూర్చుని ఇంటి తలుపు కొడితే

ఆ పాస్‌వర్డ్ అడిగింది ఇమ్మిచ్ కాదు. అమ్మ లింక్‌ని బ్రౌజర్‌లో కొడితే మా రౌటర్ లాగిన్ పేజీ వచ్చింది. ఇది చాలామందికి ఎదురయ్యేదే కానీ ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

అమ్మ ఫోన్ డొమైన్ పేరు అడిగింది, డీఎన్‌ఎస్ మా పబ్లిక్ ఐపీ ఇచ్చింది. ఫోన్ ఆ ఐపీకి ప్యాకెట్ పంపింది. ఆ ఐపీ ఎవరిది? రౌటర్‌దే. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ అయితే రౌటర్ ఫార్వార్డింగ్ రూల్ చూసి సర్వర్‌కి పంపుతుంది. కానీ ఇది లోపలి నుంచి వచ్చింది. చాలా రౌటర్లు, ముఖ్యంగా ప్రొవైడర్లు ఫ్రీగా ఇచ్చే ఫైబర్ బాక్సులు, "నన్నే అడుగుతున్నారు" అనుకుని తమ సొంత పేజీ చూపిస్తాయి, లేదంటే గమ్మున ఊరుకుంటాయి.

పోనీ రౌటర్ తెలివిగా దాన్ని సర్వర్‌కి తిప్పింది అనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు. సర్వర్‌కి ప్యాకెట్ అమ్మ ఫోన్ నుంచి, అంటే పక్కనే ఉన్న 192.168.1.23 నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి జవాబుని నేరుగా ఫోన్‌కే ఇచ్చేస్తుంది. ఫోన్ మాత్రం పబ్లిక్ ఐపీ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తోంది. 192.168.1.50 నుంచి వచ్చేసరికి "నువ్వెవరు?" అని పడేస్తుంది. అందుకే రౌటర్ గమ్యాన్ని మార్చడంతో పాటు పంపినవారి అడ్రస్‌ని కూడా తన పేరుకి మార్చుకోవాలి, అప్పుడే జవాబు మళ్లీ రౌటర్ మీదుగా వస్తుంది. ఈ రెండూ కలిపి చేయడాన్నే నాట్ లూప్‌బ్యాక్ అనీ, హెయిర్‌పిన్ నాట్ అనీ అంటారు. మీ రౌటర్‌లో ఇది ఉంటే అదృష్టవంతులు. మా బాక్సులో ఆ ఆప్షనే లేదు.

ఇంకో దారి స్ప్లిట్ డీఎన్‌ఎస్. పేరు ఒకటే, జవాబులు రెండు. బయట అడిగితే పబ్లిక్ ఐపీ, ఇంట్లో అడిగితే 192.168.1.50. అదే ల్యాప్‌టాప్‌లో యాడ్‌గార్డ్ హోమ్ పెట్టి, డీఎన్‌ఎస్ రీరైట్‌లో మా డొమైన్‌ని లోపలి ఐపీకి తిప్పి, రౌటర్ డీహెచ్‌సీపీలో ఆ డీఎన్‌ఎస్‌ని అందరికీ ఇప్పించా. టీవీలో యాడ్స్ తగ్గడం బోనస్. నాన్న ఫోన్‌లో పనిచేసింది, కాసేపు. తర్వాత పనిచేయలేదు, మళ్లీ చేసింది. అమ్మ ఫోన్‌లో అసలే చేయలేదు.

నాన్న ఫోన్ విషయంలో తప్పు నాదే. సెకండరీ డీఎన్‌ఎస్ గడిలో, అలవాటు ప్రకారం, గూగుల్ 8.8.8.8 కొట్టా. మొదటిది చచ్చిపోతేనే రెండోదాన్ని అడుగుతారని నేను అనుకున్నా. అలాంటి గ్యారెంటీ ఏమీ లేదు. ఫోన్ రెండిట్లో దేన్నైనా అడగొచ్చు. 8.8.8.8ని అడిగిన ప్రతిసారీ బయటి ఐపీ వచ్చి రౌటర్ పేజీ ప్రత్యక్షం. ఐపీవీ6 ఉన్న ఇళ్లలో ఇంకో సందు కూడా ఉంటుంది, రౌటర్ పక్కదారిలో తన ఐపీవీ6 డీఎన్‌ఎస్‌ని కూడా ప్రకటిస్తుంటుంది. దాన్నీ ఆపాలి లేదా మార్చాలి.

అమ్మ ఫోన్ ఇంకా కామెడీ. యూట్యూబ్ బయట కనిపించే యాడ్స్ గోల తట్టుకోలేక ఆరు నెలల క్రితం నేనే ఆ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని యాడ్ బ్లాక్ చేసే ఒక హోస్ట్‌నేమ్ పెట్టా. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ఈ సెట్టింగ్‌లో హోస్ట్‌నేమ్ పెడితే, మీరు ఏ వైఫైలో ఉన్నా ప్రశ్నలన్నీ ఎన్‌క్రిప్ట్ అయి నేరుగా అక్కడికే పోతాయి. ఇంట్లో యాడ్‌గార్డ్ దాన్ని చూడనైనా చూడదు. ఆటోమేటిక్‌లో పెడితే మళ్లీ ఇంటి డీఎన్‌ఎస్‌ని వాడుకుంటుంది.

ఈ రెండూ సరిచేశాక వారం రోజులు ప్రశాంతంగా గడిచింది. ఆ తర్వాత సర్వర్ అప్‌డేట్ చేద్దామని రీస్టార్ట్ కొడితే కెర్నల్ దగ్గర ఇరుక్కుంది. డీఎన్‌ఎస్ అదే మెషీన్‌లో ఉంది కదా, ఇంటి మొత్తానికీ ఇంటర్నెట్ పోయింది. ఐపీఎల్ మ్యాచ్ నడుస్తోంది. నాన్న ఒకటే మాట, "ఏమ్మా, నువ్వేమన్నా కెలికావా?"

లాగ్ చూసిన రాత్రి

ఆ వారంలోనే ఇంకోటి చూశా. ఎస్‌ఎస్‌హెచ్ కోసం 22, వెబ్ కోసం 443 తెరిచి ఉంచా. ఒక రాత్రి ఊరికే లాగ్ తెరిస్తే, పేజీలకి పేజీలు. రూట్, అడ్మిన్, ఉబుంటు, పై అంటూ ఒక్కో యూజర్‌నేమ్‌తో ఎక్కడెక్కడి నుంచో లాగిన్ ప్రయత్నాలు. వెబ్ వైపు వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం వెతుకులాట, పాస్‌వర్డ్‌లు దాచే ఈఎన్‌వీ ఫైల్ కోసం వెతుకులాట. నా దగ్గర వర్డ్‌ప్రెస్సే లేదు. ఇవి నా మీద పగతో వచ్చినవి కావు. బాట్‌లు ఇంటర్నెట్ మొత్తాన్నీ తలుపు తలుపూ తట్టుకుంటూ పోతుంటాయి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీతో మాత్రమే పెట్టాను కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ గట్టిగానే ఉంది.

కానీ ఎవరికీ చెప్పని నా సబ్‌డొమైన్ పేరు వాళ్లకెలా తెలిసింది? సర్టిఫికెట్ వల్ల. మనం తీసుకునే ప్రతి హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్స్ అనే పబ్లిక్ రికార్డులోకి ఎక్కుతుంది. ఫొటోలు, సినిమాలు, బ్యాకప్ అంటూ ఒక్కోదానికీ ఒక్కో సర్టిఫికెట్ తీసుకుంటే, ఇంట్లో ఏమేం ఉన్నాయో బోర్డు రాసి గేటుకి తగిలించినట్టే. ఆ జాబితాని ఎవరైనా వెతికి చూడొచ్చు. మీ డొమైన్ పేరు మీరే ఒకసారి వెతుక్కోండి, సరదాగా ఉండదు.

ఆ సర్వర్‌లో ఉన్నవి అన్నయ్య కూతురి ఫొటోలు, చనిపోయిన నాయనమ్మ వీడియోలు, నాన్న స్కాన్ చేసిన ఇంటి కాగితాలు. ఇమ్మిచ్‌లో రేపు ఒక బగ్ బయటపడి, ఆ రోజు నేను ఆఫీస్ రిలీజ్‌లో తలమునకలై అప్‌డేట్ చేయకపోతే? కంపెనీలో దీనికి ఒక టీమ్ ఉంటుంది. తెనాలిలో నేనొక్కదాన్నే, అదీ వీకెండ్‌లో. ఆ రాత్రే రెండు పోర్ట్‌లూ మూసేశా.

ఇప్పుడున్న సెటప్

పోర్ట్‌లు తెరవకుండా బయటి నుంచి రావడానికి నేను చూసిన దారులు రెండు. ఒకటి క్లౌడ్‌ఫ్లేర్ టనెల్. సర్వరే లోపలి నుంచి క్లౌడ్‌ఫ్లేర్‌కి కనెక్షన్ పట్టుకుని ఉంటుంది కాబట్టి సీజీనాట్ అడ్డం కాదు, ఫోన్‌లో ఏ యాప్ కూడా అక్కర్లేదు. బాగుంది అనుకున్నా. కానీ ఫ్రీ ప్లాన్‌లో ఒక రిక్వెస్ట్‌లో 100 ఎంబీ దాటి అప్‌లోడ్ అవ్వదు. ఫోన్‌లో తీసిన 4కే వీడియో ఒక నిమిషానికే అది దాటేస్తుంది. పైగా మన ట్రాఫిక్ వాళ్ల దగ్గర డీక్రిప్ట్ అయి వస్తుంది. గూగుల్ వద్దనుకుని వచ్చి ఇంకొకరి చేతిలో పెట్టడం ఎందుకో నాకు నచ్చలేదు.

రెండోది టెయిల్‌స్కేల్. దీని కింద వైర్‌గార్డ్ నడుస్తుంది. సర్వర్‌లో, ఇంట్లోవాళ్ల ఫోన్లలో యాప్ వేస్తే, అన్నిటికీ 100 తో మొదలయ్యే ఒక్కో సొంత ఐపీ వస్తుంది. తమాషా ఏంటంటే ఇది కూడా ఆ సీజీనాట్ రేంజే. రెండు డివైజ్‌లూ వీలైతే నేరుగా మాట్లాడుకుంటాయి, కుదరకపోతే వాళ్ల రిలే మీదుగా వెళ్తాయి. రిలే అయినా లోపలిది చదవలేదు, కాకపోతే స్లో. "టెయిల్‌స్కేల్ స్టేటస్" కమాండ్ కొడితే డైరెక్టా రిలేనా చెబుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది, ఫోన్, సర్వర్ ఒకే వైఫైలో ఉంటే ట్రాఫిక్ ఇల్లు దాటదు.

ఇక్కడే నా అసలు సమస్య విడిపోయింది. పబ్లిక్ డీఎన్‌ఎస్‌లో నా డొమైన్‌ని సర్వర్ తాలూకు టెయిల్‌స్కేల్ ఐపీకి చూపించా. ఆ నంబర్ ప్రపంచానికి కనిపించినా ఫర్వాలేదు, మా నెట్‌వర్క్‌లో లేనివాళ్లకి అది ఎక్కడికీ పోదు. ఇంట్లో మాత్రం అదే పేరుకి లోపలి ఐపీ. అమ్మ ఫోన్ ఏ డీఎన్‌ఎస్‌ని అడిగినా, ఏ జవాబు వచ్చినా, రెండు దారులూ ఒకే సర్వర్‌కి వెళ్తాయి. ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టుకున్నా బాధ లేదు. టెయిల్‌స్కేల్ యాప్ దొరకని మా హాల్ టీవీ లోపలి ఐపీతో జెల్లీఫిన్ చూస్తుంది.

సర్టిఫికెట్ కోసం కూడా పోర్ట్ తెరవలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో డీఎన్‌ఎస్ ఛాలెంజ్ అని ఉంది, డొమైన్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డ్ పెట్టి ఇది నాదేనని నిరూపిస్తే చాలు. దాంతో వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకున్నా, సబ్‌డొమైన్‌ల పేర్లు ఇక ఆ పబ్లిక్ జాబితాలోకి ఎక్కవు. 90 రోజుల గడువు అయ్యేలోపు క్యాడీ దానంతట అదే రెన్యూ చేసుకుంటుంది. స్టాటిక్ ఐపీ మానేశా. బిర్యానీలు వెనక్కి వచ్చాయి.

డీఎన్‌ఎస్‌ని ల్యాప్‌టాప్ నుంచి తీసేసి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కే చిన్న రౌటర్ ఒకటి కొని దానికి అప్పగించా. సర్వర్ పడిపోయినా నాన్న మ్యాచ్ ఆగదు. పనిలో పనిగా ఇంటి నెట్‌వర్క్‌ని 192.168.1 నుంచి 192.168.73 కి మార్చా. నా ఫ్లాట్‌లో, సగం కాఫీ షాపుల్లో కూడా 192.168.1 ఏ ఉంటుంది. అక్కడి నుంచి వీపీఎన్‌లో ఇంటి లోపలి ఐపీకి వెళ్లబోతే, ఫోన్ పక్క టేబుల్ వాళ్ల మెషీన్‌ని వెతుక్కుంటుంది.

మీకు ఇమ్మిచ్ ఒక్కటే కావాలంటే ఇంత అక్కర్లేదు కూడా. ఆ యాప్ సెట్టింగ్స్‌లోనే ఇంటి వైఫై పేరు ఇచ్చి, ఆ వైఫైలో ఒక అడ్రస్, బయట ఇంకో అడ్రస్ వాడమని చెప్పొచ్చు. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు తెలుసుకోవడానికి లొకేషన్ పర్మిషన్ అడుగుతుంది, ఇవ్వండి. కానీ ఈ సదుపాయం ప్రతి యాప్‌లోనూ ఉండదు, నా దగ్గర ఇప్పటికే ఐదు సర్వీసులు అయ్యాయి.

టెయిల్‌స్కేల్‌తో ఇబ్బందులు లేవని కాదు. డిఫాల్ట్‌గా ప్రతి డివైజ్ కీ 180 రోజులకి ఎక్స్‌పైర్ అవుతుంది. నాకు ఇది తెలిసింది ఆరు నెలల తర్వాత ఒక మంగళవారం సర్వర్ మాయమైనప్పుడు. అడ్మిన్ పేజీలో సర్వర్‌కి, అమ్మ ఫోన్‌కి కీ ఎక్స్‌పైరీ ఆపేశా. కొన్ని ఫోన్లు బ్యాటరీ పొదుపు పేరుతో వీపీఎన్‌ని చంపేస్తాయి, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఆల్వేస్ ఆన్ వీపీఎన్ పెట్టాలి. ఆండ్రాయిడ్ ఒకసారికి ఒక వీపీఎన్‌నే నడవనిస్తుంది కాబట్టి నా ఆఫీస్ ప్రొఫైల్ ఆన్ చేస్తే ఇల్లు పోతుంది. డివైజ్‌లని కలిపే కంట్రోల్ సర్వర్ ఒక కంపెనీది, అదీ వద్దంటే హెడ్‌స్కేల్ ఉంది. దానికి బయట ఒక వీపీఎస్ అద్దెకి తీసుకోవాలి. నేనింకా అంత దూరం పోలేదు.

పెద్దమ్మకి ఆల్బమ్ లింక్ పంపాలంటే? ఆవిడ ఫోన్‌లో టెయిల్‌స్కేల్ వేసే ధైర్యం నాకు లేదు. దానికి మాత్రం ఇమ్మిచ్ పబ్లిక్ ప్రాక్సీ అనే చిన్న ప్రాజెక్ట్‌ని క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ వెనక పెట్టా. అది మనం షేర్ చేసిన ఆల్బమ్‌లని చూపించడం తప్ప ఇంకేమీ చేయదు, లాగిన్ పేజీ బయటికి కనిపించదు.

మిగిలింది కరెంట్. ల్యాప్‌టాప్ బ్యాటరీయే సర్వర్‌కి యూపీఎస్. ఇరవై నాలుగ్గంటలూ ఛార్జింగ్‌లో ఉబ్బిపోకుండా 60 శాతం దగ్గర ఆపి ఉంచా. ఫైబర్ బాక్సుకి, రౌటర్‌కి 12 వోల్ట్‌ల మినీ యూపీఎస్. చిన్న కోతలకి ఇవి చాలు. కానీ మొన్న గాలివానకి రాత్రంతా కరెంట్ పోయి, అన్నీ ఆరిపోయాయి. తెల్లారి కరెంట్ వచ్చాక రౌటర్ తనంతట తనే లేచింది, ల్యాప్‌టాప్ లేవలేదు. కరెంట్ రాగానే ఆన్ అయ్యే ఆప్షన్ దాని బయోస్‌లో లేదు, వేక్ ఆన్ ల్యాన్ మాత్రం ఉంది. ఇప్పుడు రౌటర్‌లో కూడా టెయిల్‌స్కేల్ వేసి, హైదరాబాద్ నుంచి రౌటర్‌లోకి దూరి ల్యాప్‌టాప్‌ని తట్టి లేపే కమాండ్ ఒకటి రాసుకున్నా. రెండుసార్లు పనిచేసింది. మూడోసారి ఎంతకీ లేవకపోతే నాన్నకి ఫోన్ చేశా. ఇల్లు ఊడుస్తూ పనమ్మాయి ల్యాన్ కేబుల్ పీకేసిందట.